సర్కారు గుడ్డెలుగు

మా అత్త హైదరాబాదు వెళ్లింది ఒకే ఒక్కసారి. చార్మినారు చూద్దామని కాదు, చీరలు కొందామనీ కాదు. గుడ్డెలుగును కలవడానికి వెళ్లింది. గుడ్డెలుగంటే ఎలుగుబంటి. వెంట నన్నూ, మా ఆయననూ, నా ఇద్దరు పిల్లలనూ తీసుకుపోయింది. ఏ రైలెక్కాలో, సద్దిమూట ఎప్పుడు విప్పాలో అన్నీ ఆమే తేల్చింది. మేము సామానుతో పాటు కదిలాం, అంతే.

కారణం నా కొడుకు. వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి, నోట ఒక్క మాట లేదు. ఏడాది దాటినప్పుడు "త్త, త్త" అనేవాడు, బువ్వ గిన్నె చూస్తే "బ్బ" అనేవాడు. ఆ ఏడు చెరుకు కోతలప్పుడు వాణ్ణి కూడా బండి మీద బోధన్ తీసుకుపోయాం. చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో మా వంతు కోసం కూర్చుని ఉండగా సైరన్ మోగింది. మాకది అలవాటైన చప్పుడే. మా ఊరిదాకా వినిపిస్తుంది, దాన్ని బట్టే పొయ్యి రాజేసేవాళ్లం. వాడు మాత్రం అంత దగ్గరగా వినడం అదే మొదలు. నా ఒళ్లో ఒక్కసారి ఎగిరిపడ్డాడు, ఏడవను కూడా లేదు. ఆ తరువాత "త్త" పోయింది, "బ్బ" కూడా పోయింది.

జడుసుకున్నాడు అన్నారందరూ. ఎర్రనీళ్లతో దిష్టి తీశాం. గుట్ట మీది దర్గాకు పోయి తాయెత్తు కట్టించాం. నిజామాబాదులో డాక్టరుకు చూపిస్తే ఆయన వాడి చెవి దగ్గర చిటికె వేసి, నాలుక చూసి, "చెవులు మంచిగనే ఉన్నయమ్మా. కొందరు పిల్లలు ఆల్చంగ మాట్లాడుతరు, తొందరేం లేదు" అన్నాడు. తొందర ఆయనకు లేదు. మా వాకిట్లో ఆడుకునే పిల్లలు అప్పటికే వాణ్ణి మూగోడా అని పిలుస్తున్నారు, పిలిస్తే వాడు తిరిగి చూస్తున్నాడు. ఆ పేరుకు వాడు అలవాటు పడుతున్నాడని తెలిసిన రోజు నేను కొట్టంలోకి పోయి బర్రెల మధ్య నిలబడి ఏడ్చాను. వాడు పెద్ద చదువులు చదవాలని నాకేమీ లేదు. ఒక్కసారి అమ్మా అంటే చాలు అనుకునేదాన్ని. కొన్నాళ్లకు అంత కూడా అడగడం మానేశాను. అమ్మా అనకపోయినా సరే, ఏదో ఒకటి అంటే చాలు.

వాడి అక్క సంగతి వేరే. దానికి ఐదో యేడు. నిద్రపోతే తప్ప నోరు మూతపడేది కాదు. తమ్ముడు మాట్లాడడం లేదని దానికి బాధేమీ లేదు సరికదా, వాడి వకీలుగా కుదురుకుంది. "తమ్మునికి ఆకలైతుందట." "తమ్ముడు బెల్లం గావాలంటున్నడు." "తమ్మునికి నిద్ర వస్తలేదట, కత చెప్పమంటున్నడు." వాడు ఏమీ అనలేదు కదే అంటే "నాకు జెప్పిండు" అనేది. బెల్లం ఇస్తే సగం వాడికిచ్చి సగం తన ఫీజు కింద పట్టుకునేది. ఇంకో సంగతేమిటంటే, నూటికి తొంభైసార్లు అది చెప్పింది నిజమయ్యేది. వాడు అన్నం పళ్లెం ముందు కూర్చుని గబగబా తినేవాడు. దాంతో మాకు కూడా అలవాటైపోయింది. వాడికేం కావాలో దాన్నే అడిగేవాళ్లం.

మా వైపు పిల్లలు జడుసుకుంటే గుడ్డెలుగు మీద కూర్చోబెడతారు. చెరుకు కోతలు అయిపోయాక ఒక మనిషి ముక్కుతాడు వేసిన గుడ్డెలుగును తోలుకుని వర్ని, చందూరు మీదుగా ఊరూరూ తిరిగేవాడు. పిల్లవాణ్ణి దాని వీపు మీద ఎక్కించి, వాకిట్లో ఒక చుట్టు తిప్పి, దాని వెంట్రుకలు కాసిని పీకి తాయెత్తులో పెట్టి కట్టేవాడు. అంత జంతువు మీద కూర్చుని దిగినవాడు ఇక దేనికీ జడవడని లెక్క. మా ఆయనను కూడా చిన్నప్పుడు కూర్చోబెట్టారట. ఆయన ఇప్పటికీ బల్లి కనిపిస్తే మంచమెక్కుతాడు. ఆ మాట నేనంటే అత్తకు కోపం. "గుడ్డెలుగుది తప్పు గాదు. వీడే సక్కగ కూసోలె" అనేది.

సరిగ్గా మాకు అవసరం పడ్డప్పుడే ఆ మనిషి రావడం మానేశాడు. రెండు కోతల కాలాలు చూశాం, జాడ లేదు. అలాంటప్పుడు మా ఆయన నవీపేట సంతకు పోయి వచ్చి, రాత్రి అన్నం తింటూ అక్కడ విన్న కబురు చెప్పాడు. హైదరాబాదులో పెద్ద తోట పెట్టారట, పులులూ సింహాలూ ఏనుగులూ అన్నీ ఉన్నాయట.

అత్త చేతిలో ముద్ద ఆగిపోయింది. "గుడ్డెలుగులున్నయారా?"

"అన్ని ఉన్నయట అవ్వా."

"ఎవలు పెట్టిండ్రు?"

"సర్కారే."

"మరి గిన్నొద్దులు చెప్పవేందిరా!"

ఆమె లెక్క చాలా తేటగా ఉంది. జ్వరమొస్తే సర్కారు దవాఖానా ఉంది. చేనుకు పురుగు పడితే సర్కారు మందు ఇస్తుంది. ఇప్పుడు ఊరూరూ తిరిగే గుడ్డెలుగులన్నిటినీ సర్కారే ఒక్కచోట పెట్టింది, అందుకే ఆ మనిషి రావడం లేదు. జడుసుకున్న పిల్లలున్నవాళ్లు అక్కడికే పోవాలి. కాదు అవ్వా, చూడడానికి పెట్టారు అని మా ఆయన తల్లికి నచ్చచెప్పబోయాడు. "సూసుటానికా? ఉత్తగ సూసుటానికి ఇంత తిండి వెట్టి మేపుతరారా ఎవలన్న?" అంది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నాకు నవ్వొచ్చింది. కానీ కాదనలేదు. నేను ఐదో తరగతి దాకా చదువుకున్నాను, జంతువుల తోట అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా మనసులో ఒక మూల, ఏమో, వాణ్ణి కూర్చోబెట్టనిస్తారేమో అనే ఉంది. పిల్లవాడు మాట్లాడని ఇంట్లో చదువు ఎంతవరకు పనిచేస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అత్త మూట కట్టింది. మా గానుగలో వండిన బెల్లం అచ్చు, కొబ్బరికాయ, గుడ్డెలుగు నుదుటికి రాయడానికి మా చేను పసుపు, దాన్ని చూసుకునే మనిషికి కొత్త కండువా. బోధన్‌లో రైలెక్కి, నిజామాబాదులో మారి, తెల్లారేసరికి కాచిగూడలో దిగాం. దారి పొడుగునా తమ్ముడు పల్లీలు అడిగాడు, తమ్ముడు జామపండ్లు అడిగాడు, తమ్ముడు కిటికీ దగ్గర అక్కను కూర్చోబెట్టమన్నాడు. అన్నీ వాడి అక్క నోటి గుండా.

తోట గేటు దగ్గర టికెట్ల కిటికీలోకి అత్త తల పెట్టింది. "బాబూ, గుడ్డెలుగుకు వేరే టికెట్టా, గిండ్లనే ఉన్నదా?"

లోపలి గుమాస్తా తలెత్తకుండానే "అన్నీ ఇందులోనే అమ్మా" అన్నాడు.

అత్త మా ఆయన వంక చూసిన చూపు నేను మరచిపోలేను.

తోట ఎంత పెద్దదో మేము ఊహించలేదు. నడిచినకొద్దీ నడక. కొడుకు నా చంకన, కూతురు మా ఆయన భుజాల మీద. అత్త మాత్రం ముందు ముందు పోతోంది, దవాఖానాలో తన వార్డు వెతుక్కుంటున్న మనిషిలాగా, మిగతావి ఏవీ ఆమెకు పట్టడం లేదు. జింకలు కనిపిస్తే "సిరికొండ అడివిల ఇంతకన్న మంచియి ఉంటయి" అని దాటేసింది. నీళ్లలో నుంచి నీటిగుర్రం తల పైకెత్తితే కాస్త ఆగి, "పాలిస్తదా?" అని అడిగింది. ఇవ్వదన్నాక నడక సాగించింది. నెమలి పురి విప్పితే దాని వెనక్కి పోయి దారి ఎటుందో చూసింది. కనిపించిన ప్రతి మనిషినీ ఒకటే అడుగుతోంది. "గుడ్డెలుగు ఏడుంటది బిడ్డా?"

చివరకు దొరికింది. ఎత్తయిన గోడ, గోడ అవతల లోతైన కందకం, దాని అవతల రాళ్ల గుట్ట. ఆ గుట్ట నీడన నల్లగా, పెద్దగా, గుడ్డెలుగు. మా వైపు వీపు పెట్టి నిద్రపోతోంది. గోడ పక్కన ఖాకీ బట్టల మనిషి ఒకడు బీడీ కాలుస్తున్నాడు, దాన్ని చూసుకునేది ఆయనే.

అత్త కండువా తీసి ఆయన భుజాన వేసింది. ఆయన బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"ఇగో బిడ్డా, పిల్లగాడు జడుసుకున్నడు. జెర దాన్ని గిటు తోల్కరా, ఒక్క సుట్టు కూసోబెడ్తం."

"దేన్నమ్మా?"

"గుడ్డెలుగును."

ఆయన అత్తను చూశాడు, కండువాను చూశాడు, నన్ను చూశాడు. నేను చెట్ల వంక చూశాను. "అమ్మా, గిది ఆడించే గుడ్డెలుగు కాదమ్మా. కరుస్తది. ఈడ కూసోబెట్టుడు లేదు."

"టికెట్టు గొన్నం. అన్ని గిండ్లనే అన్నడు." ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, రెండు ఎంటికెలన్న పీకియ్యి" అని అత్తే ఒక మెట్టు దిగింది.

"నేను లోపటికి వోయి దాని ఎంటికెలు పీకితే, ఎనక నా ఎంటికెలు మీరు ఏరుకోవాలె."

అత్త నమ్మలేదు. కండువా ఒక్కటే చాలలేదు కాబోలు అనుకుంది. కదలకుండా గోడకు ఆనుకుని నిలబడింది, నన్ను వాణ్ణెత్తుకుని తన పక్కన నిలబెట్టింది. ఇంతలో ఎక్కడి నుంచో చంటిదాన్ని ఎత్తుకుని ఒక ఆమె వచ్చింది. కొబ్బరికాయ చూసింది, పసుపు చూసింది, గుడ్డెలుగును చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"అక్కా, లైను గిదేనా?"

"గిదే. ఎనక నిలబడు" అంది అత్త.

ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకో ఇద్దరు. మెదకు వాళ్లు, పాలమూరు వాళ్లు, జడుసుకున్న పిల్లలు ఇంతమంది ఉన్నారా ఈ రాష్ట్రంలో అనిపించింది. దెగ్లూరు వైపు నుంచి వచ్చిన ఒక మరాఠీ ఆమె "లైన్ ఇథేచ్ కా?" అని అడిగితే, బోధన్ బజారులో బేరాలు చేసి చేసి మరాఠీ పట్టుబడ్డ అత్త "హో, ఇథేచ్" అని ఆమెను కూడా నిలబెట్టింది. లైను నీటిగుర్రం దాకా పోయింది. పల్లీలమ్మేవాడు వచ్చి లైను పొడుగునా అమ్ముకున్నాడు. ప్యాంటు వేసుకున్న ఒక పెద్దమనిషి కూడా పిల్లను ఎత్తుకుని నిలబడి, తనకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని ముందున్నవాళ్లకూ వెనకున్నవాళ్లకూ చెబుతున్నాడు. ఎవరో మధ్యలో దూరబోతే మాత్రం అందరికన్నా గట్టిగా అరిచింది ఆయనే.

పొద్దుటి నుంచి సిగ్గుతో చచ్చిపోతున్న మా ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో హుషారు. కూతుర్ని దించి మాకప్పగించి, లైను సరిచేయడానికి దిగాడు. ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లను నిలబెట్టే అలవాటు కదా. "సక్కగ, సక్కగ! పిల్లలు లేనోళ్లు పక్కకు జరగాలె!" అని కేకలు.

ఈ గొడవకు తోట ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. కాపలా మనిషి కండువా తీసి వీపు వెనక దాచుకుని, ఉన్న సంగతి చెప్పాడు. ఆఫీసరు మొహం ఎర్రబడింది. "ఏందిది? ఇది జూ అనుకున్నారా, ఏమనుకున్నారు?" అని అరిచాడు. అది జూ కాదని ఎవరూ అనలేదు.

అత్త చాలా మర్యాదగా అడిగింది. "సారూ, మీ పిల్లలు జడుసుకుంటే ఏడికి తీస్కపోతరు?"

ఆయన ఒక క్షణం తడబడ్డాడు. "అది కాదమ్మా. ఈ ఎలుగుబంటికి మనుషులను ఎక్కించుకోవడం నేర్పలేదు."

"సర్కారు నౌకరీల ఉన్నది, గంత పని గూడ నేర్పలేదా?"

లైనంతా ఔను ఔనంది. ఆఫీసరు ఆ మూల నుంచి ఈ మూల దాకా లైను చూశాడు. పొమ్మంటే పోయేలా లేరు, ఎవరైనా గోడ దూకితే ఆయన ఉద్యోగమే పోతుంది. ఆయనకు ఒక ఉపాయం తోచింది. దాన్ని ఉపాయమనవచ్చో లేదో నాకు తెలియదు. గొంతు సవరించుకుని, "ముట్టుకోవడం లేదు, కూర్చోబెట్టడం లేదు. ఒక్కొక్కరే గోడ దగ్గరికి రావాలె, పిల్లలకు చూపించి, దండం పెట్టుకుని, ముందుకు పోవాలె!" అని ప్రకటించాడు. అలా సర్కారు వారి సమక్షంలో గుడ్డెలుగు దర్శనం మొదలైంది.

మొదటి వంతు మాది. నేను వాణ్ణి గోడ మీదుగా పైకెత్తాను. నవ్వుకుంటూ వచ్చినదాన్ని, ఆ నిమిషాన మాత్రం నాకు నవ్వు రాలేదు. చుట్టూ ఆ కేకలూ ఆ లైనూ నాకు వినిపించలేదు. ఆ జంతువు నల్లటి వీపుకు నేను మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను, ఇంకే దేవుడికీ అంత నిజంగా పెట్టలేదు. అత్త గోడకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, బెల్లం అచ్చు విసిరింది. గుడ్డెలుగు లేచి, వాసన చూసి, బెల్లం నాకి, మళ్లీ మాకు వీపు పెట్టి పడుకుంది. ఆఫీసరు విసరొద్దని అరుస్తున్నాడు. నేను కొడుకు మొహంలోకే చూస్తున్నాను.

వాడు చూశాడు. ఆవులించాడు. అంతే.

"తమ్మునికి ఇంకింత బెల్లం గావాల్నట" అంది కూతురు.

"ముందుకు, ముందుకు!" అన్నాడు ఆఫీసరు.

మేము ముందుకు నడిచాం. కొంతదూరం పోయాక నీళ్లు తెస్తానని మా ఆయన ఎటో పోయాడు. నాతో మొహమాట పడుతున్నాడని నాకు అర్థమైంది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గుడ్డెలుగు మీద కోపం, అత్త మీద కోపం, వచ్చినందుకు నా మీద కోపం. అత్త ఖాళీ మూటను మడతలు పెడుతూ నడుస్తోంది. ఆమె కూడా ఆశ పెట్టుకుందని, ఆమె ఆశ నాకన్నా పెద్దదని ఆ మడతలు చూస్తే తెలిసింది.

సింహాల దగ్గరికి వచ్చాం. కూతురు నా చెయ్యి వదిలేసి కటకటాల ముందుకు పోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, కందకం అవతల పడుకున్న సింహానికి ఆర్డరు వేసింది. "ఓ సింహం! తమ్ముడు ఒర్రుమంటున్నడు. ఒర్రు!"

సింహం తల ఎత్తింది. అప్పటిదాకా ఎవరు చెప్పినా విననిదల్లా, నోరు తెరిచి గర్జించింది. కాళ్ల కింద నేల అదిరింది. చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. జనం నవ్వుకుంటూ వెనక్కి జరిగారు.

నా కూతురు నవ్వలేదు. నా కాళ్ల దగ్గరికి వచ్చి చీర కుచ్చిళ్లు పట్టుకుంది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. లంగా తడిసిపోయింది. "ఏమైంది బిడ్డా?" అన్నాను. మాట లేదు. అలవాటు కొద్దీ దాన్నే అడిగాను. "తమ్ముడు జడుసుకున్నడా? ఏమంటున్నడు?" పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. పుట్టిన దగ్గర్నుంచి అది నోరు తెరిచి ఊరుకోవడం అదే మొదలు.

"దించు."

ఎవరి పిల్లవాడో అనుకుని పక్కకు చూశాను. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, ఎన్నడూ వాడని తలుపు తీసినట్టు. పక్కన ఎవరూ లేరు. అత్త మూట జారవిడిచి నా చంక వైపే చూస్తోంది.

"దించు" అన్నాడు నా కొడుకు, నా మొహంలోకి చూస్తూ. "అక్కనెత్తుకో."

అత్త రెండు చేతులూ పైకెత్తింది. "సూసినవా, పిల్లా! సర్కారు గుడ్డెలుగు!" అని తోటంతా వినబడేలా అరిచింది. వెంటనే కూతురి వంక చూసి మొహం మార్చింది. "అయ్యో, ఇది జడుసుకున్నదే! నడు నడు, మల్ల గుడ్డెలుగు కాడికి వోదాం. లైను పెద్దగైతది."

నేనెక్కడ నడుస్తాను? దారి మధ్యలోనే కూలబడి, కూతురిని ఒళ్లోకి లాక్కుని, రొమ్ముకు అదుముకున్నాను. దాని వెక్కిళ్లు మొదలయ్యాయి, ఏడుపు వచ్చింది, మాట కూడా వస్తుందని తెలిసింది. కానీ వాణ్ణి మాత్రం వదల్లేదు. రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

"దించు!" వాడు కాళ్లు తన్నుతున్నాడు. "దించూ!"

నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వాడు నా భుజం మీద కొట్టాడు, జుట్టు పీకాడు, మొహం ఎర్రగా చేసుకుని గుక్క తిప్పుకోకుండా దించు, దించు, దించు అని అరుస్తున్నాడు. చుట్టూ జనం మూగారు. ఒక ముసలామె నా మీదికి వంగి గదమాయించింది.

"ఏం తల్లివమ్మా నువ్వు? పిల్లగాడు దించు దించుమని గంతగనం మొత్తుకుంటుంటే దించవేంది?"

"దించుతనవ్వా" అన్నాను, ఏడుస్తూనే. "ఇంకొక్కసారి అననియ్యి."